మిర్చి ధరల బ్లాగ్‌కు నాలుగు కౌంటర్లు, నాలుగు లెక్కలు: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

హనుమకొండలో ఉంటూ చిన్న వెబ్‌సైట్ల బాగోగులు చూడటం నా పని. స్కూళ్లు, విత్తనాల షాపులు, క్లినిక్‌లు, మధ్యలో కొందరు బ్లాగర్లు. వాళ్లలో ఒకరి కేసు ఇది. రాసుకోమని ఆయనే ఒప్పుకున్నాడు. మనిషినీ సైట్‌నూ గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

రైతు కుటుంబం, చదివింది డిగ్రీ. బ్లాగ్ వర్డ్‌ప్రెస్ అనే సైట్ సాఫ్ట్‌వేర్‌లో, ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే మామూలు షేర్డ్ హోస్టింగ్ మీద నడుస్తుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఆ రోజు మిర్చి ఏ రకం ఎంత పలికిందో ఒక పేజీలో పెడతాడు. తేజ, వండర్‌హాట్, 341, చపాట. ఒక్కోదానికి కనిష్ఠం, గరిష్ఠం, పైన జెండా పాట, అంటే ఆ రోజు వేలంలో పలికిన అన్నిటికన్నా పెద్ద ధర. పత్తి సీజన్‌లో పత్తి ధరలు కూడా పెడతాడు. ఇవి కాక సాగు మీద వ్యాసాలు రాస్తాడు, అవి నిజంగా బాగుంటాయి. 2021లో నల్ల తామర పురుగు మిర్చి తోటలను ఊడ్చేసినప్పుడు సొంత చేనులో చూసింది చూసినట్టు రాసిన వ్యాసం ఒకటి ఈ కేసు నా దగ్గరికి రాకముందే చదివాను.

సీజన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మార్కెట్‌కు మిర్చి పోటెత్తుతుంది. శని, ఆదివారాలు సెలవు కాబట్టి సోమవారం బస్తాలు ఎక్కువ వస్తాయి. గ్రాఫ్ చదవడానికి కూర్చున్నప్పుడు ఏ టూల్ కన్నా ఈ రెండు ముక్కలే ఎక్కువ పనికొచ్చాయి.

అతను తెచ్చిన సమస్య

"అన్నా, సోమవారం పొద్దుగాల సైట్ పడిపోతంది" అంటూ మొదలుపెట్టాడు. సరిగ్గా జెండా పాట తేలే వేళకు, జనం ఫోన్లలో ధర చూసుకునే వేళకు, తెల్ల పేజీ మీద 508 ఎర్రర్ వస్తోంది. మధ్యాహ్నానికి దానంతట అదే సర్దుకుంటోంది.

రెండో బాధ డబ్బుది. యాడ్స్ మీద వచ్చే ఆదాయం సైట్ చూసేవాళ్ల సంఖ్యకు ఏ మూలకూ సరిపోవడం లేదని అతని అనుమానం. "ఇంతమంది చూస్తే ఇంతేనా పైసలు? మధ్యల ఎవడో తింటున్నడు."

ఎంతమంది చూస్తున్నారు అని అడిగాను. ఒక్క ప్రశ్నకు నాలుగు జవాబులు వచ్చాయి. ప్రతి వ్యాసం కింద "ఇప్పటివరకు చూసినవారు" అని అంకె చూపే కౌంటర్ ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు అదనపు పనులు చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్) ఒక అంకె చెప్పింది. డ్యాష్‌బోర్డ్‌లోని స్టాటిస్టిక్స్ ప్లగిన్ ఇంకోటి చెప్పింది. గూగుల్ అనలిటిక్స్‌ది మరో అంకె. హోస్టింగ్‌ను నడుపుకునే సీప్యానెల్‌లోని ఏడబ్ల్యూస్టాట్స్ చెప్పింది అన్నిటికన్నా పెద్దది. ప్రకటన అడిగిన పురుగుమందుల షాపాయనకు ఇతను ఆ పెద్ద అంకెనే చెప్పుకున్నాడు.

అప్పటికే ప్రయత్నించినవి

యూట్యూబ్ వీడియోలు చూసి ప్లగిన్లు వేసుకుంటూ పోయాడు. ముప్పైకి పైనే ఉన్నాయి. గూగుల్‌లో సైట్ బాగా కనబడటానికి (ఎస్‌ఈఓ) వేసుకునే యోస్ట్, ర్యాంక్ మ్యాథ్ రెండూ ఆన్‌లో ఉన్నాయి. రెండూ పేజీ వెనకాల మెటా వివరాలు రాస్తాయి, రెండూ సైట్‌మ్యాప్ తయారు చేస్తాయి. రెండు ఉంటే రెండింతల లాభం అనేది ఇక్కడ చెల్లదు. తెలుగు అందంగా కనిపించాలని ఫాంట్ల ప్లగిన్ ఒకటి పెట్టి, నాలుగు తెలుగు ఫాంట్లు లోడ్ చేస్తున్నాడు. ఒత్తులు, గుణింతాల వల్ల తెలుగు ఫాంట్ ఫైల్ ఇంగ్లిష్ దానికన్నా బరువు. పల్లెలో సిగ్నల్ ఒక గీత ఉన్న ఫోన్‌లో ఆ నాలుగూ దిగాలంటే ఎంతసేపు పడుతుందో చెప్పక్కర్లేదు.

సైట్ పడిపోతోందని ముందే క్యాషింగ్ ప్లగిన్ వేశాడు. తయారైన పేజీ కాపీని దాచి, అడిగిన వాళ్లందరికీ అదే ఇచ్చేది ఇది. సమస్య తీరకపోతే రెండోది కూడా వేశాడు. పేజీ క్యాష్ కోసం ఈ ప్లగిన్లు సాధారణంగా వాడే అడ్వాన్స్‌డ్-క్యాష్ అనే ఫైల్ ఒక సైట్‌కు ఒకటే ఉంటుంది. రెండు ప్లగిన్లు దానికోసం కొట్టుకుంటాయి. అయినా కొన్ని రోజులు సైట్ పడిపోలేదు. కానీ అంతకన్నా పెద్ద చిక్కు వచ్చింది: రైతులకు నిన్నటి ధరలు కనబడ్డాయి. ఒకాయన ఆ ధర చూసుకుని బండి కట్టించుకుని వచ్చి, మార్కెట్‌లో వేరే ధర విని, ఫోన్ చేసి బాగా తిట్టాడట. ఆ రోజే రెండు క్యాషింగ్ ప్లగిన్లూ పీకేశాడు. మళ్లీ క్యాష్ అనే మాట ఎత్తితే ఒప్పుకునేలా లేడు.

హోస్టింగ్ వాళ్లను అడిగితే పెద్ద ప్లాన్‌కు మారమన్నారు. నా దగ్గరికి వచ్చేనాటికి ఆ డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్నాడు.

ప్లాన్ మార్చడం ఎందుకు ఆపాను

ఏది తింటోందో తెలియకుండా గిన్నె పెద్దది చేస్తే ఖర్చు పెరుగుతుంది, జవాబు దొరకదు. సీప్యానెల్‌లో రిసోర్స్ యూసేజ్ అనే పేజీ ఉంటుంది, చాలామంది తెరిచి చూడరు. అందులో మెమరీ గీత హద్దుకు చాలా కింద ఉంది. హద్దును తాకుతున్నది ఎంట్రీ ప్రాసెస్‌ల గీత. అంటే ఒకే క్షణంలో పీహెచ్‌పీ (సర్వర్‌లో పేజీని తయారు చేసే కోడ్) పని అడిగే వాళ్లు ఎక్కువైపోతున్నారు. 508 వచ్చేది ఆ హద్దు దాటినప్పుడే. ధరల పేజీ చిన్న పట్టిక. దాన్ని చూపడానికి ప్రతిసారీ పీహెచ్‌పీ, డేటాబేస్ ఎందుకు లేవాలి? అసలు ప్రశ్న అదే అనిపించింది.

ముందు అప్‌డ్రాఫ్ట్‌ప్లస్‌తో పూర్తి బ్యాకప్ తీసి, సర్వర్‌లో కాకుండా వేరే చోట పెట్టాం. తర్వాత హెల్త్ చెక్ అండ్ ట్రబుల్‌షూటింగ్ ప్లగిన్ వేశాను. దాని ట్రబుల్‌షూటింగ్ మోడ్‌లో ప్లగిన్లు లాగిన్ అయిన మనకు మాత్రమే ఆగిపోతాయి, పాఠకులకు సైట్ ఎప్పటిలాగే కనబడుతుంది. సీజన్ మధ్యలో ఉన్న సైట్ మీద ప్రయోగాలు చేయాలంటే ఇంతకన్నా నిశ్చింతైన దారి నాకు తెలియదు. పక్కనే క్వెరీ మానిటర్. ఏ ప్లగిన్ డేటాబేస్‌కు ఎన్ని క్వెరీలు (ప్రశ్నలు) వేస్తోందో, ఎంతసేపు తీసుకుంటోందో పేరు పెట్టి చూపిస్తుంది.

దొంగ దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. సైట్ బరువులో పెద్ద వాటా ఆ లెక్కపెట్టే ప్లగిన్లదే. స్టాటిస్టిక్స్ ప్లగిన్ వచ్చిన ప్రతి మనిషినీ, ప్రతి పేజీనీ అదే డేటాబేస్‌లో వరుసగా రాసుకుంటోంది. డేటాబేస్‌ను చూపే పీహెచ్‌పీమైఅడ్మిన్ తెరిచి టేబుళ్లను సైజు ప్రకారం పేరిస్తే, ఇన్నేళ్లుగా అతను రాసిన వ్యాసాలన్నీ ఉన్న టేబుల్ కన్నా ఈ రికార్డుల టేబుల్ చాలా పెద్దది. కౌంటర్ ప్లగిన్‌ది ఇంకో తీరు. పేజీ తెరిచాక వెనకాల అడ్మిన్-అజాక్స్ అనే వర్డ్‌ప్రెస్ ఫైల్‌కు ఇంకో పిలుపు పంపి, డేటాబేస్‌లో అంకె ఒకటి పెంచుతుంది. పేజీ క్యాష్ నుంచి వచ్చినా ఈ పిలుపు మాత్రం పీహెచ్‌పీని లేపుతుంది. కాబట్టి క్యాషింగ్ ఎంత బాగా పెట్టినా ఈ కౌంటర్ ఉన్నంతకాలం సోమవారం కష్టం పూర్తిగా తీరదు.

ఫలించనివి

మొదట కౌంటర్‌ను తీసేయకుండా ఉంచే దారి చూశాం, ఎందుకంటే ఆ అంకె మీద అతనికి మమకారం. దాని సెట్టింగ్స్‌లో ప్రతి పదో చూపును మాత్రమే నమోదు చేసే వీలుంది. పెట్టి చూస్తే అంకె గెంతులు వేసింది, పిలుపులు మాత్రం తగ్గలేదు. పిలుపు వెళ్లాకే పదోదా కాదా అని అది తేల్చుకుంటుంది మరి.

పాత వ్యాసాల తెలుగు లింకులన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చేద్దామన్నది అతని ఆలోచన. దాని వెనక నిజమైన ఇబ్బందే ఉంది. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు. లింక్‌లో ప్రతి బైట్ శాతం గుర్తుతో కలిసి 3 గుర్తులవుతుంది. అంటే ఒక్క తెలుగు అక్షరానికి 9 గుర్తులు, గుణింతానికీ ఒత్తుకూ మళ్లీ విడివిడిగా 9. వర్డ్‌ప్రెస్ ఆ పేరుకు ఇచ్చేది 200 గుర్తుల చోటు. ఇరవై రెండు అక్షరాలు దాటితే లింక్ మధ్యలో తెగిపోతుంది. వాట్సాప్‌లో అతికిస్తే శాతం గుర్తుల కొండవీటి చాంతాడు. అది చూసి వైరస్ లింక్ అనుకుని నొక్కని వాళ్లున్నారని అతనే చెప్పాడు.

అయినా పాతవి మార్చవద్దన్నాను. ఆ లింకులు గూగుల్‌లో కుదురుకున్నాయి, ఏళ్ల తరబడి గ్రూపుల్లో తిరుగుతున్నాయి. ఒక పది వ్యాసాలకు మార్చి, రీడైరెక్షన్ ప్లగిన్‌తో పాతదాన్ని కొత్తదానికి కలిపి, గూగుల్ సెర్చ్‌లో మన సైట్ ఎలా కనబడుతోందో చూపే సెర్చ్ కన్సోల్‌లో గమనించాం. కొత్త లింక్ వల్ల సెర్చ్‌లో దక్కిన లాభం ఏమీ కనబడలేదు. అక్కడితో ఆపేశాం. కొత్త వ్యాసాలకు మాత్రం శీర్షిక తెలుగులో, లింక్ చిన్న ఇంగ్లిష్ మాటల్లో పెట్టడం అలవాటు చేసుకున్నాడు. ధరల పేజీకి ఒక్కదానికి మినహాయింపు ఇచ్చి మార్చాం, ఎందుకంటే దాన్ని రోజూ చేత్తో పంచుతాడు.

పనిచేసినవి

కౌంటర్, స్టాటిస్టిక్స్ ప్లగిన్ రెండూ తీసేశాం. ప్లగిన్ తొలగించినంత మాత్రాన దాని టేబుళ్లు పోవు. బ్యాకప్ ఉందని మరోసారి చూసుకుని వాటిని కూడా తొలగించాం.

క్యాషింగ్‌కు అతన్ని ఒప్పించడానికి ముందు నిన్నటి ధరలు ఎందుకు కనబడ్డాయో చూపించాలి. ధరలను అతను ఆ పేజీలో రాయడం లేదు. ఎవరో చేసిచ్చిన ఒక సెట్టింగ్స్ పేజీలో అంకెలు మారుస్తాడు, షార్ట్‌కోడ్ వాటిని తెచ్చి పేజీలో చూపిస్తుంది. క్యాషింగ్ ప్లగిన్ ఒక పేజీ పాత కాపీని పారేసేది ఆ పేజీని అప్‌డేట్ చేసినప్పుడు. ఇక్కడ పేజీ అప్‌డేటే కావడం లేదు కదా, దానికెలా తెలుస్తుంది? షార్ట్‌కోడ్ తీసేసి పట్టికను నేరుగా పేజీలోనే పెట్టాం. ఇప్పుడు అంకె మార్చి అప్‌డేట్ నొక్కితే పాత కాపీ పోతుంది. అతని ఫోన్‌లో, నా ఫోన్‌లో, పక్క టీ స్టాల్ అతని ఫోన్‌లో ఒకేసారి తెరిచి చూపించాకే నమ్మాడు. పట్టిక పైన తేదీ, సమయం పెద్ద అక్షరాల్లో పెట్టాం. ఒకవేళ పాతది కనబడినా చదివేవాడికి అది పాతదని తెలియాలి.

ఏ ప్లగిన్ అంటే లైట్‌స్పీడ్ క్యాష్. అందరికీ అదే మంచిదని కాదు. ఆ హోస్టింగ్ లైట్‌స్పీడ్ సర్వర్ మీద ఉంది కాబట్టి. అసలు పేజీ క్యాష్ సర్వర్ స్థాయిలో జరుగుతుంది, పీహెచ్‌పీ దాకా పోదు. అపాచీ సర్వర్ మీద ఉన్నవాళ్లు అదే ప్లగిన్ వేస్తే ఆ ముఖ్యమైన లాభం రాదు, డబ్ల్యూపీ సూపర్ క్యాష్ లాంటిది చూసుకోవాలి. ఎస్‌ఈఓకు ర్యాంక్ మ్యాథ్ ఒకటి ఉంచాం. యోస్ట్ వాక్యాలకు పెట్టే ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు చూసి ఇతను వాక్యాలు తిరగరాసుకునేవాడు. తెలుగు వాక్యాల కోసమని ప్రత్యేకంగా కట్టిన లెక్క దానికి లేదు. ఫాంట్లు నాలుగు నుంచి ఒకటికి దిగాయి. తర్వాతి సోమవారం 508 రాలేదు, ఆ సీజన్ ముగిసేదాకా మళ్లీ రాలేదు. ప్లాన్ పాతదే.

ఇక అనలిటిక్స్. జీఏ4 (ఇప్పటి గూగుల్ అనలిటిక్స్) తెరవగానే నాకు తేడా కొట్టింది ఎంగేజ్‌మెంట్ రేట్ దగ్గర, అంటే మొత్తం సెషన్లలో ఎంగేజ్డ్‌వి ఎంత శాతమో చెప్పే అంకె దగ్గర. దాదాపు నూటికి నూరు. ధర చూసి వెళ్లిపోయే పేజీకి అంత రావడం అసాధ్యం. జీఏ4 ఒక సెషన్‌ను ఎంగేజ్డ్ అని లెక్కవేయాలంటే 10 సెకన్లకు మించి ఉండాలి, లేదా ముఖ్యమైన ఈవెంట్ జరగాలి, లేదా రెండు పేజీ వ్యూలైనా పడాలి. ఇక్కడ ఈ రెండు అన్న మాట మీద అనుమానం వచ్చింది. పేజీలోని కోడ్ గూగుల్‌కు ఏం పంపుతోందో చూపే ట్యాగ్ అసిస్టెంట్ పెట్టి పేజీ ఒక్కసారి తెరిచాం. పేజీ వ్యూ ఈవెంట్ రెండుసార్లు, ఒకే ఐడీతో. థీమ్ హెడర్‌లో ఎప్పుడో అతికించిన కోడ్ ఒకటి, తర్వాత గూగుల్ వాళ్ల సైట్ కిట్ ప్లగిన్ పెట్టిన కోడ్ ఇంకోటి. ఒక్క చూపు రెండుగా పడుతోంది, రెండు పడ్డాయి కాబట్టి ప్రతివాడూ ఎంగేజ్డ్ అయిపోతున్నాడు. హెడర్‌లోది తీసేశాం, ఎందుకంటే థీమ్ మారిస్తే అది పోతుంది, సైట్ కిట్‌ది ఉంటుంది. లాగిన్ అయినవాళ్లను లెక్కించకుండా కూడా పెట్టాం. రోజుకు పదిసార్లు సైట్ చూసుకునేది అతనే.

మర్నాడు ఫోన్. "అన్నా, సగం పోయినయే!" టెన్షన్‌లో ఉన్నాడు. పోయింది ఏమీ లేదు తమ్ముడూ, లేనిది పోయింది అని చెప్తే ఒప్పుకోలేదు. అప్పుడు యాడ్స్ లెక్క తీశాం. వెయ్యి పేజీ వ్యూలకు ఎంత వచ్చిందో చూపే ఆర్‌పీఎం కోసం అతను ఆదాయాన్ని ఆ రెట్టింపు అంకెతో భాగించుకుంటున్నాడు, అందుకే సగమే కనబడుతోంది. యాడ్స్ రిపోర్ట్‌లోనే ఉన్న పేజీ వ్యూలు, కొత్తగా సరిచేసిన అనలిటిక్స్ అంకె దగ్గర దగ్గరగా ఉన్నాయి. మధ్యలో ఎవడూ తినడం లేదు.

ఏడబ్ల్యూస్టాట్స్ అంకె ఎందుకంత పెద్దది అంటే, అది సర్వర్ లాగ్‌లు చదువుతుంది. తను గుర్తుపట్టలేని బాట్‌లను కూడా మనుషుల్లో కలిపేస్తుంది. జీఏ4 బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ నడిస్తేనే లెక్కిస్తుంది, తెలిసిన బాట్‌లను తీసేస్తుంది, యాడ్ బ్లాకర్ ఉన్నవాళ్లను కోల్పోతుంది. ఒకటి ఎక్కువ చెప్తుంది, ఒకటి కొంచెం తక్కువ చెప్తుంది. షాపాయనకు చూపడానికి ఆ తక్కువ చెప్పేదాన్నే వాడమన్నాను. ముందు చెప్పిన పెద్ద అంకె సంగతి కూడా ఆయనకు ఇతనే వెళ్లి చెప్పాడు. ప్రకటన రేటు కొంత తగ్గింది, ప్రకటన మాత్రం నిలిచింది.

తర్వాత మిగిలింది డైరెక్ట్ అనే ముద్ద. జనం ఎక్కడి నుంచి వస్తున్నారంటే సగానికి పైగా డైరెక్ట్ అని ఉంది. అంటే అంతమంది అడ్రస్ టైప్ చేసి వస్తున్నారా? కాదు, వాట్సాప్ నుంచి నొక్కి వచ్చేవాళ్లు ఎక్కువగా అందులోనే పడతారు. గ్రూపులకు పంపే లింక్ చివర, మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో అనలిటిక్స్‌కు చెప్పే యూటీఎం గుర్తులు పెట్టించాను: ఏ యాప్, ఏ గ్రూప్. ములుగు వైపు గ్రూపులకు ఒకటి, నర్సంపేట వైపు వాటికి ఒకటి, టెలిగ్రామ్ ఛానెల్‌కు ఒకటి. దీనికి హద్దు ఉంది. ఒక గ్రూప్ లింక్‌ను ఎవరైనా ఇంకో గ్రూప్‌కు ఫార్వర్డ్ చేస్తే పాత పేరే వెంట పోతుంది. సైట్ లోపలి లింకులకు మాత్రం ఈ గుర్తులు పెట్టకూడదు, పెడితే మనిషి అసలు ఎక్కడి నుంచి వచ్చాడన్న లెక్క చెడిపోతుంది.

పోలిక దేనితో?

ఈ కేసులో నేను ఎక్కువసేపు మాట్లాడింది దీని గురించే. ప్రతి శనివారం గ్రాఫ్ పడిపోతే గూగుల్ ఏదో చేసిందని అతని భయం. అది మార్కెట్ సెలవు. మే నెలలో సగానికి పడిపోతే బ్లాగ్ పనైపోయిందని భయం. అది సీజన్ ముగియడం. గత నెలతో పోల్చుకోవడం జీతాల మీద బతికే ఊళ్లలో వ్యాపారాలకు సరిపోతుందేమో, పంటల సైట్‌కు పోయినేడు అదే నెలతోనే పోలిక.

దానికి పాత డేటా కావాలి. జీఏ4 ఎక్స్‌ప్లొరేషన్స్‌లో (మనమే కట్టుకునే రిపోర్టుల్లో) వాడే వివరాలను మనం మార్చకపోతే 2 నెలలే ఉంచుతుంది. సెట్టింగ్స్‌లో 14 నెలలకు మార్చాం. కానీ పోయిన కాలం తిరిగి రాదు. జీఏ4కు ముందుండి 2023 జూలై 1న ఆగిపోయిన పాత యూనివర్సల్ అనలిటిక్స్ డేటాను అతను దింపుకోనే లేదు. సెర్చ్ కన్సోల్ ఆదుకుంది, అది 16 నెలల వెనక్కి చూపిస్తుంది. ఏడాది కిందటి ఫిబ్రవరితో ఈ ఫిబ్రవరిని పోల్చి చూస్తే సైట్ పెరుగుతోంది. డబుల్ కోడ్ తగలని అంకె కూడా అదే.

అక్కడే ఇంకోటి బయటపడింది. నల్ల తామర పురుగు వ్యాసం సెర్చ్‌లో చాలామందికి కనబడుతోంది, నొక్కేవాళ్లు మాత్రం తక్కువ. శీర్షిక "కంటికి కనబడని శత్రువు". రైతు వెతికేది "మిర్చి పూతలో నల్ల తామర పురుగు నివారణ" అని. శీర్షికను ఆ మాటలతో మార్చి, మొదటి పేరాలో పురుగు పూతలో ఎలా కనబడుతుందో పెట్టాడు. క్లిక్‌లు కళ్లకు కనబడేంత పెరిగాయి. వ్యాసంలో మిగతా ఒక్క వాక్యం మార్చలేదు.

మైక్రోసాఫ్ట్ క్లారిటీని కొన్నాళ్లు పెట్టి తీసేశాం. జనం పేజీని ఎలా వాడుతున్నారో రికార్డింగ్‌గా చూపే ఉచిత టూల్ అది. అందులో కనబడింది: ఏడు గడుల పట్టికను ఫోన్‌లో రెండు వేళ్లతో పెద్దది చేసి, పక్కకు జరిపి, మళ్లీ రకం పేరు కోసం వెనక్కి జరిపి చూస్తున్నారు. ధర అంకెను మళ్లీ మళ్లీ నొక్కుతున్నారు, నిన్నటి ధర తెరుచుకుంటుందేమోనని. పట్టికను మూడు గడులకు కుదించి, ఒక్కో ధర కింద నిన్నటిది చిన్న అక్షరాల్లో పెట్టాం. పని అయిపోయింది కాబట్టి క్లారిటీ కోడ్ తీసేశాం. ప్రశ్న లేని టూల్ సైట్ మీద ఉండటం ఊరికే బరువు.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

కొత్త క్లయింట్ ఎవరొచ్చినా ప్లగిన్ల జాబితా కన్నా ముందు ఒకటి అడుగుతున్నాను: ఈ అంకె తగ్గితే నువ్వేం మారుస్తావు? జవాబు లేని అంకెకు టూల్ వేయను. ఎంగేజ్‌మెంట్ రేట్ మరీ బాగుంటే ముందు ట్యాగ్ అసిస్టెంట్ తెరుస్తున్నాను. డేటా రిటెన్షన్ 14 నెలలకు మార్చడం మొదటి రోజే చేస్తున్నాను.

తేలనిది ఒకటి మిగిలింది. ధరల పట్టికను చాలామంది లింక్‌గా కాదు, స్క్రీన్‌షాట్‌గా పంచుకుంటారు. గ్రూపుల్లో అదే ఎక్కువ తిరుగుతుందని అతను చెప్తున్నాడు. ఏ అనలిటిక్స్ టూలూ దాన్ని లెక్కపెట్టలేదు. ఆపే దారి లేదు, ఆపాల్సిన పని కూడా లేదనుకుంటున్నా. తేదీ పక్కనే బ్లాగ్ పేరు కూడా పట్టిక లోపలే, కత్తిరించినా పోకుండా మధ్య వరుసలో పెట్టించాను. వచ్చే సీజన్‌లో బ్లాగ్ పేరుతో నేరుగా గూగుల్‌లో వెతికేవాళ్లు పెరిగారో లేదో సెర్చ్ కన్సోల్‌లో చూడాలి.